బండిని కట్టారు సరే... పలకను?

ఐటీ కారిడార్‌లో నెలాఖరు వచ్చిందంటే గదులు మారతాయి, ఊళ్లు మారతాయి, బైకులు ట్రాలీలెక్కుతాయి. బైకుకు నాలుగు వైపులా బెల్టులు బిగించే చేతులు, దాన్ని పైకెక్కించిన పలక దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగిపోతున్నాయి?

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల మేర తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. సర్వీసు రోడ్డు పట్టుకుని పోవాల్సిందే. అయినా ఏ నెలాఖరు శనివారమో నానక్‌రామ్‌గూడ టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. బుల్లెట్లు, పల్సర్లు, యాక్టివాలు, బ్యాటరీ స్కూటర్లు ఒకదాని వెనక ఒకటి ఔటర్ ఎక్కుతూనే ఉంటాయి. టాటా ఏస్‌ల తొట్టిలో, బొలెరో పికప్‌లలో, డీసీఎంలలో తాళ్లతో, బెల్టులతో కట్టుబడి నిలువుగా ప్రయాణం చేస్తుంటాయి. కొన్ని శంషాబాద్ దగ్గర దిగి బెంగళూరు దారి పడతాయి. కొన్ని పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ వైపు తిరుగుతాయి.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచీ ఈ ప్రాంతానికి అలవాటైపోయిన పని ఒకటుంది: మారడం. మాదాపూర్ హాస్టల్ నుంచి కొండాపూర్ ఫ్లాట్‌కి, అక్కణ్నుంచి నల్లగండ్లకి, ప్రాజెక్టు మారితే వైట్‌ఫీల్డుకి, పెళ్లి కుదిరితే పుణెకి. 2020లో కరోనా వచ్చి ఇంటి నుంచే పని అన్నప్పుడు గదులు ఖాళీ చేసి బైకులను భీమవరానికీ, ఖమ్మానికీ పంపుకున్నవాళ్లు ఎందరో. మళ్లీ ఆఫీసులకు రమ్మన్నాక అవే బైకులు అదే దారిలో వెనక్కి వచ్చాయి. రైలు పార్సిల్‌లో వేద్దామంటే ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీయించాలి, గోనెసంచులు చుట్టించాలి, ఆర్సీ నకలు పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాలి. అందుకే చాలామంది ఇంటి గుమ్మం ముందుకే ట్రాలీని పిలుచుకుంటారు. 2005లో టాటా ఏస్ వచ్చాక ఇది మరీ తేలికైంది. కారు దూరే ప్రతి సందులోనూ అది దూరుతుంది.

అయితే రెండున్నర అడుగుల ఎత్తున్న తొట్టిలోకి బైకు తనంతట తాను ఎక్కదు. దానికి ఒక పలక కావాలి. ఈ కథనం ఆ పలక గురించే.

మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒక ఆదివారం పొద్దున. రోడ్డు మీద ఇంకా రద్దీ మొదలవలేదు. హాస్టల్ ముందు ఏస్ ఆగింది. డ్రైవరు దిగి వెనక డోరు గొలుసులు విప్పాడు, డోరు కిందికి వాలింది. హమాలీ ఒకతను తొట్టిలోంచి పలకను లాగాడు. అది సెంట్రింగ్ పలక. ఏదో అపార్టుమెంటు స్లాబు పోసినప్పుడు పనిచేసి, తర్వాత ఈ ఉద్యోగంలో చేరింది. ఎనిమిది అడుగుల పొడవు, జానెడు వెడల్పు, అంచుల్లో ఇంకా సిమెంటు పొక్కులు. ఒక కొసను తొట్టి అంచు మీద వేసి, రెండో కొస కింద జారకుండా ఇటుక ఆనించారు. క్లాసిక్ 350 బైకును ఒకరు హ్యాండిల్ పట్టి, ఒకరు వెనక నెట్టి, మూడో మనిషి పక్కన సీటు కాచుకుని, "హాఁ... హాఁ... ఆపకు, ఆపకు" అంటుండగా ఒక్క ఊపులో ఎక్కించారు. పలక నడుము వంగి, మళ్లీ లేచింది.

ఆ తర్వాత పని చూడముచ్చటగా సాగింది. ముందు ఫోర్కుకు రెండు వైపులా రెండు బెల్టులు, వెనక క్యారియర్ దగ్గర రెండు. క్రోము గీసుకుపోకుండా పాత టవల్ ముక్కలు. బైకు యజమాని, పాతికేళ్ల కుర్రాడు, ఫోనుతో నాలుగు వైపుల నుంచీ వీడియో తీసుకున్నాడు.

"అన్నా, ట్యాంకుకు ఏదీ తగలకుండా చూడు."

"తగలదు సార్, మీరు ఫికర్ చేయకుండ్రి."

డ్రైవరు బైకును పట్టి అటూ ఇటూ ఊపి చూశాడు. తొట్టి మొత్తం ఊగింది తప్ప బైకు కదల్లేదు. అందరి ముఖాల్లోనూ తృప్తి. అప్పుడు హమాలీ పలకను ఎత్తి, బైకుకూ తొట్టి గోడకూ మధ్య ఉన్న సందులోకి తోశాడు. ఒక కొస క్యాబిన్‌కు ఆనింది. రెండో కొస డోరు మీదుగా బయటికొచ్చింది. డోరు వేసి, గొలుసులు తగిలించారు. "మరి ఆ పలకను కట్టరా?" అని అడిగితే డ్రైవరు నవ్వేశాడు. "అది మన సొంత పలకనే సార్. యాడికి పోతది?"

ఆ జవాబులోనే అసలు సమస్యంతా ఉంది. బైకు కస్టమర్‌ది. గీత పడితే గొడవ, డబ్బులు కోత. పలక తనది. పోతే ఇంకోటి దొరుకుతుంది. అందుకే కట్టాల్సిన వస్తువుల లెక్కలోకి అది రాదు. ప్యాకర్స్ వాళ్లు రాసిచ్చే జాబితాలో మంచం, వాషింగ్ మెషీన్, బైకు, అట్టపెట్టెలు అన్నీ నంబర్లతో ఉంటాయి. పలక ఉండదు. ఎవరి సామానూ కాని ఆ వస్తువు బండిలో ఉన్న వాటన్నిటిలోకీ అతి తేలిగ్గా ఎగిరిపోయేది కావడమే ఇక్కడి ప్రమాదం.

పొడుగుతో వచ్చిన చిక్కు

డ్రైవర్ల నిర్లక్ష్యం అని ఒక్కమాటలో తేల్చేస్తే అది అన్యాయం. వాళ్లను అలా చేయిస్తున్న లెక్క ఒకటుంది. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. రెండున్నర అడుగుల ఎత్తుకు ఆరడుగుల పలక వేస్తే వాలు నిటారుగా ఉంటుంది. బైకును పైకి నెట్టడానికి దాదాపు 80 కిలోల బలం పెట్టాలి. అదే ఎనిమిదడుగుల పలకైతే 60 కిలోలు చాలు. పైగా వాలు తగ్గినకొద్దీ బైకు అడుగుభాగం తొట్టి అంచుకు రాసుకోదు. ఇద్దరు ముగ్గురు మనుషులతో పని నడిపించేవాళ్లు ఎనిమిదడుగుల పలకనే ఎంచుకోవడంలో తప్పేం లేదు, అదే తెలివైన పని.

ఎక్కించాక చూడండి. ఏస్ తొట్టి పొడవు సుమారు 2.2 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర మీటరు. ఎనిమిదడుగులంటే 2.44 మీటర్లు. నిలువుగా పట్టదు, జానెడు బయటికొస్తుంది. మూలకు మూల వేస్తే పడుతుంది గానీ అక్కడ బైకు నిలబడి ఉంది. క్లాసిక్ 350 పొడవే 2.14 మీటర్లు, అంటే తొట్టి పొడవంతా దానికే సరిపోయింది. ఇక పలకకు మిగిలిన దారులు రెండు. డోరు మీదుగా తోక బయటికి పెట్టడం, లేదా క్యాబిన్ మీదికి ఏటవాలుగా నిలబెట్టడం. తొట్టి గోడల ఎత్తు అడుగు మాత్రమే. నిలబెట్టిన పలకలో చాలా భాగం గాలిలోనే ఉంటుంది.

గాలి ఏం చేస్తుందో లెక్క కడదాం. ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు ఉన్న పలక బరువు పన్నెండు పదమూడు కిలోలుంటుంది. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, పలక వెడల్పు ముఖం గాలికి ఎదురుగా తిరిగిందనుకోండి, దానిమీద పడే తోపు నాలుగు కిలోలు. మాదాపూర్‌లో సిగ్నలుకూ సిగ్నలుకూ మధ్య ఇంతకన్నా వేగం రాదు కాబట్టి పలక బుద్ధిగా పడి ఉంటుంది. డ్రైవరుకు ఆ పలక మీద నమ్మకం కుదిరేది కూడా ఇక్కడే. ఔటర్ ఎక్కి ఎడమ లేన్లలో అనుమతించే 80కి చేరితే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పదహారు పదిహేడు కిలోలు. పలక బరువును దాటిపోయింది. ఇప్పుడు దాన్ని కింద పట్టి ఉంచేదేమీ లేదు. ఆన్‌లైన్‌లో కొనే తేలికపాటి అల్యూమినియం ర్యాంపులైతే ఇంకా ముందే లేస్తాయి.

పడుకోబెట్టిన పలకకు ఈ గండం లేదుగా అనొచ్చు. దానికి గతుకుల గండం ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, పది సెంటీమీటర్ల ఎత్తున, నున్నటి వంపుతో ఉండాలి. అదీ 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి. కాలనీల్లో మనకు తగిలేవి ఇవి కావు. ఒక బస్తా సిమెంటుతో రాత్రికి రాత్రి పోసిన గట్లు. వాటి మీద తొట్టి ఒక్కసారిగా లేచి పడేటప్పుడు అందులో కట్టకుండా ఉన్న ప్రతి వస్తువూ ఒక్క క్షణం బరువు లేనిదవుతుంది. ఆ క్షణంలో పలక రెండు అంగుళాలు వెనక్కి జరుగుతుంది. తర్వాతి గట్టు మీద ఇంకో రెండు అంగుళాలు. తోక బయటికి పెట్టిన పలక ఇలా జరుగుతూ జరుగుతూ, బయటి భాగం బరువు లోపలి భాగాన్ని దాటిందంటే తూగి కింద పడుతుంది. ఇదంతా క్యాబిన్‌లో కూర్చున్నవాళ్లకు కనిపించదు. పాత డ్రైవర్లు వెనక నుంచి వచ్చే టకటక శబ్దాన్ని బట్టి పసిగడతారు. శబ్దం వస్తోందంటే పలక కదులుతోందని అర్థం. శబ్దం ఉన్నట్టుండి ఆగిందంటే మాత్రం అద్దంలో కాదు, బండి ఆపి చూడాలి.

మలుపుల సంగతి వేరే. 2019 నవంబరులో బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ మీది నుంచి కారు కిందపడిన ఘోరం తర్వాత, అక్కడ వేగాన్ని 40కి పరిమితం చేసి మళ్లీ తెరిచారు. ఆ సంఖ్యకు అర్థం ఉంది. 50 మీటర్ల వ్యాసార్ధమున్న ఒక మలుపును 40తో తిరిగితే తొట్టిలోని వస్తువు మీద దాని బరువులో పావువంతు బలం పక్కకు లాగుతుంది. 60తో తిరిగితే సగానికి మించిపోతుంది. ఇనుప రేకు మీద దుమ్ము, దానిమీద చెక్క. అక్కడి రాపిడి ఆ లాగుడును ఆపేది కాదు.

పడితే?

తొట్టి ఎత్తు నుంచి జారిన పలక నేల తాకడానికి అర సెకను కూడా పట్టదు. 80 కిలోమీటర్ల వేగంలో ఆ లోపే పది మీటర్లు ముందుకొస్తుంది. నేల మీద పడ్డాక తారు మీద దొర్లుతూ, గెంతుతూ యాభై మీటర్ల దాకా పోతుంది. వెనక ఇరవై మీటర్ల దూరంలో వస్తున్నవాళ్లకు, విషయం బుర్రకెక్కి బ్రేకు మీద కాలు పడటానికి ఉండే వ్యవధి చాలా తక్కువ. కారుకైతే టైరు పగలొచ్చు. పాత ముంబయి హైవే మీదో, గచ్చిబౌలి నుంచి మియాపూర్ పోయే రోడ్డు మీదో రాత్రి షిఫ్టు ముగించుకుని స్కూటీ మీద ఇంటికి పోతున్న అమ్మాయికైతే ఏమవుతుందో రాయక్కర్లేదు. ఒక బైకును భద్రంగా ఊరు చేర్చడానికి బయల్దేరిన బండి ఇంకో బైకు మీదున్న మనిషిని పడేయడమన్నది తలచుకుంటేనే మనసు చివుక్కుమంటుంది.

ఇలాంటివి ఎన్ని జరుగుతాయో లెక్క రాసుకున్న దేశం అమెరికా. అక్కడి ఏఏఏ ఫౌండేషన్ 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2011 నుంచి 2014 వరకు నాలుగేళ్లలో రోడ్డు మీద పడి ఉన్న వస్తువుల వల్ల జరిగిన ప్రమాదాలు రెండు లక్షలకు పైనే. చనిపోయినవారు ఐదొందల మందికి పైగా. ఆ ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండొంతులు వాహనాల నుంచి ఊడిపడిన వస్తువుల వల్లే. సియాటిల్ పక్కన రెంటన్ దగ్గర ఐ-405 మీద 2004లో ఒక ట్రైలర్ నుంచి జారిన చెక్క ముక్క వెనకొస్తున్న కారు అద్దాన్ని చీల్చుకుని లోపలికి దూసుకెళ్లింది. కారు నడుపుతున్న యువతి ప్రాణాలతో బయటపడింది గానీ చూపు పోయింది. మరుసటేడు వాషింగ్టన్ రాష్ట్రం సరిగా కట్టని సరకు వల్ల ఎవరికైనా గాయమైతే దాన్ని నేరంగా పరిగణించే చట్టం చేసింది. ఐ-405 అంటే బెల్‌వ్యూ, కిర్క్‌లాండ్ ఆఫీసులకు మన తెలుగువాళ్లు రోజూ పోయే దారి. హైటెక్ సిటీలో పనిచేసే ఎందరో ఏదో ఒక ఏడాది ఆ దారిలో కారు నడిపే ఉంటారు.

అక్కడ బైకును తరలించడానికి వాడేది కారు వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్. యూ-హాల్ లాంటి సంస్థలు అద్దెకిచ్చే బైకు ట్రైలర్‌లో ర్యాంపు విడిగా ఉండదు. వెనక తలుపే కిందికి వాలి ర్యాంపవుతుంది, బైకు ఎక్కాక లేచి తలుపవుతుంది, గడియ పడుతుంది. విడి ర్యాంపులున్న ట్రైలర్లలో వాటిని చట్రం కింద ఉన్న అరలోకి తోసి, అడ్డంగా ఇనుప పిన్ను దూర్చి, ఆ పిన్ను ఊడకుండా చిన్న క్లిప్పు వేస్తారు. ర్యాంపుకు బండిలో ఒక సొంత చోటు ఉండటమే అక్కడి విశేషం. మన ఏస్‌లో జాకీకి చోటుంది, స్టెప్నీకి చోటుంది. పలకకు లేదు.

జర్మనీ ట్రాఫిక్ నిబంధనల్లో 22వ సెక్షన్ ఈ విషయంలో ఇంకో అడుగు ముందుకేసింది. సరకుతో పాటు, సరకును కట్టే సాధనాలను, ఎక్కించే సాధనాలను కూడా గట్టిగా బ్రేకు వేసినా, హఠాత్తుగా పక్కకు తిప్పినా జారకుండా, దొర్లకుండా, పడకుండా కట్టాలని రాసింది. అనవసరమైన చప్పుడు చేయకుండా అని కూడా చేర్చింది. ఎక్కించే సాధనమంటే మన పలకే. దాన్ని పేరు పెట్టి చట్టంలోకి తెచ్చారు. మన దగ్గర సరకు వెనక నుంచి పొడుచుకు రావడానికి ఉన్న అనుమతిని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోంచి 2014లో తీసేశారు. ఇనుప చువ్వల లారీలను వెనక నుంచి గుద్దుకుని పోయిన ప్రాణాల కోసం సేవ్‌లైఫ్ ఫౌండేషన్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం దాని వెనక ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో, తొట్టి దాటి బయటికొచ్చిన సరకుకు రూ.20 వేల జరిమానా, దాన్ని దించే ఖర్చు అదనం అని 194వ సెక్షన్‌లో రాశారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. డోరు మీదుగా జానెడు బయటికొచ్చిన పలక చువ్వ కాకపోవచ్చు. వెనక హెల్మెట్ అద్దం ఎత్తున వస్తున్న మనిషికి ఆ తేడా ఏముంటుంది?

ఎలా కట్టాలి

మొదట పలకను పడుకోబెట్టాలి. నిలబెట్టడం, ఒరిగించడం, డోరు మీద తోక పెట్టడం, మూడూ వద్దు. ఎనిమిదడుగులది పట్టదన్న చిక్కుకు విరుగుడు పలకను రెండు ముక్కలు చేసి మధ్యలో కీలు వేయించుకోవడం. బాలానగర్‌లో వెల్డింగ్ షాపులవాళ్లు చెక్కర్ ప్లేటుతో మడత ర్యాంపులు చేసిస్తారు. మడిస్తే నాలుగడుగులు, విప్పితే ఎనిమిది. ఇంత ఖర్చు ఎందుకనుకునేవాళ్లు పొడవు కాస్త తగ్గించుకుని ఏడడుగుల పలక వాడొచ్చు. తొట్టిలో గోడవారన నిలువుగా సరిపోతుంది. వాలు కాస్త పెరుగుతుంది, ఇంకో మనిషి చెయ్యి కావాలి, అంతే. మడత ర్యాంపుకు మరో జాగ్రత్త ఉంది. మడిచి వదిలేస్తే గతుకుల్లో కత్తెరలా తెరుచుకుంటుంది. ముందు దాన్ని దానికే కట్టి, తర్వాత బండికి కట్టాలి.

గోడవారన పెట్టినప్పుడు ఒక కొస క్యాబిన్ గోడకు ఆనాలి. బ్రేకు వేసినప్పుడు సరకు ముందుకు వస్తుంది. అమెరికా సరకు రవాణా నిబంధనల్లో ఈ లెక్క స్పష్టంగా ఉంది. ముందు వైపుకు సరకు బరువులో 80 శాతం బలాన్ని, పక్కలకూ వెనక్కూ 50 శాతం బలాన్ని ఆపగలిగేలా కట్టాలి. ముందు వైపు భారాన్ని క్యాబిన్ గోడ మోసేస్తే మిగతాది బెల్టులు చూసుకుంటాయి. పలక కింద పాత టైరు ట్యూబు కోసి పరిస్తే జారడం చాలావరకు తగ్గుతుంది, చప్పుడూ పోతుంది.

బెల్టు ఒకటి నడుమున వేస్తే సరిపోదు. నడుమున కట్టిన పలక రెండు కొసలూ గడియారం ముల్లులా తిరుగుతాయి. రెండు కొసల దగ్గర రెండు కట్లు ఉండాలి. అవి తొట్టి కొక్కేలకే పడాలి, బైకుకు కాదు.

ఇది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కొందరు బైకుకు వేసిన బెల్టులోంచే పలకను కూడా దూర్చి బిగిస్తారు. ఒక దెబ్బకు రెండు పనులు అయ్యాయనిపిస్తుంది. బైకును కట్టేటప్పుడు ఫోర్కు కాస్త కిందికి అణిగేలా బెల్టు లాగుతాం. గతుకు తగిలినప్పుడు ఫోర్కు ఇంకా అణుగుతుంది, బెల్టు క్షణకాలం వదులవుతుంది, ఫోర్కు లేవగానే మళ్లీ బిగుస్తుంది. అలా వదులైన క్షణంలో పలక పక్కకు జరిగిందంటే, బెల్టులో అది ఆక్రమించిన మందం అంతా ఖాళీ అయిపోతుంది. బెల్టు ఇక బిగుసుకోదు. 195 కిలోల బైకు ఒక పక్కకు ఒరుగుతుంది. పదమూడు కిలోల పలకను కాపాడబోయి బైకును పడేసినట్టవుతుంది. బైకు బెల్టులు బైకువి, పలక బెల్టులు పలకవి. కలపకూడదు.

దేనితో కట్టాలన్నదానిపై డ్రైవర్లలో ఎవరి అభిమతం వారిది. కోసిన సైకిల్ ట్యూబు అందరికీ ఇష్టం, ఎందుకంటే ముడి వేయక్కర్లేదు, లాగి తగిలిస్తే చాలు. కానీ రబ్బరు సాగుతుంది. సాగేది పట్టుకుని ఉంటుంది గానీ ఆపదు. పలక లేచినప్పుడు దాంతోపాటు తనూ లేస్తుంది. నైలాన్ తాడు బలమైనదే, వానలో తడిస్తే సాగి వదులవుతుంది. శంషాబాద్‌లో ఎండ, షాద్‌నగర్‌లో జల్లు అన్నట్టుండే జూలై నెలల్లో దాన్ని మధ్యలో ఆగి మళ్లీ బిగించుకోవాలి. రాట్చెట్ బెల్టులు ఎక్కువగా పాలిస్టర్‌తో నేసినవి, వాటికి సాగుడు తక్కువ. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో వరుసగా వేలాడుతుంటాయి. తాడుతోనే కట్టేవాళ్లకు లారీ డ్రైవర్లు వేసే ముడి ఉండనే ఉంది. తాడు మధ్యలో ఒక కన్ను వేసి, కొసను కొక్కెం చుట్టూ తిప్పి, ఆ కన్నులోంచి కిందికి లాగడం. మన చేతి బలం అక్కడ రెండు మూడింతలవుతుంది. ఆ ముడి వేయడం నేర్చిన మనిషిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. చదువులో ఎక్కడా నేర్పని ఇంజినీరింగ్ అది.

బయల్దేరిన తర్వాత ఒకసారి ఆగి చూడటం మాత్రం ఎవరూ తప్పించుకోకూడని పని. కొత్తగా కట్టిన కట్టు మొదటి కొన్ని కిలోమీటర్లలోనే సర్దుకుని వదులవుతుంది. అమెరికాలో లారీ డ్రైవరు మొదటి 80 కిలోమీటర్ల లోపు దిగి సరకు చూడాలి. ఆ తర్వాత ప్రతి మూడు గంటలకో, 240 కిలోమీటర్లకో, ఏది ముందైతే అప్పుడు. మనకు దానికి గుర్తులు పెట్టుకోవడం సులువు. విజయవాడ పోయేవాళ్లకు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా, బెంగళూరు పోయేవాళ్లకు షాద్‌నగర్ దగ్గర రాయికల్. టోల్ దాటాక పక్కకు తీసి, టీకి ముందు బెల్టు మీద ఒకసారి చెయ్యి వేస్తే చాలు. అసలైతే ఔటర్ ఎక్కకముందే, నానక్‌రామ్‌గూడ టోల్‌కు ముందు ఒకసారి చూసుకోవడం ఇంకా మంచిది. వేగం పెరిగేది అక్కడే కదా.

ఖాళీగా వచ్చేటప్పుడు

ఇంతవరకూ చెప్పినదంతా బైకుతో పోయే ప్రయాణం గురించి. నాకు ఎక్కువ భయం వేసేది తిరుగు ప్రయాణం.

విజయవాడలో బైకు దించేశారు. యజమాని తాళం చెవి తీసుకున్నాడు, డబ్బులు ఫోన్‌పేలో పడ్డాయి. ఇక బండిలో ఎవరి సామానూ లేదు. పలకను తొట్టిలోకి విసిరి, బెల్టులన్నీ చుట్టి సీటు కింద పడేసి డ్రైవరు హైదరాబాద్ దారి పడతాడు. దారిలో కిరాయి దొరికితే సరే, లేకపోతే ఖాళీగానే రావాలి. ఖాళీ బండి నెమ్మదిగా పోదు. పైగా ఏస్ లాంటి సరకు బండ్ల వెనక కమాన్‌పట్టీలు బరువు మోయడానికి చేసినవి. బరువు లేకపోతే అవి గట్టిగా, ఎగరేస్తున్నట్టు ఉంటాయి. బైకు ఉన్నప్పుడు అణిగి ఉన్న తొట్టి ఇప్పుడు ప్రతి అతుకు దగ్గరా గంతులేస్తుంది. పోయేటప్పుడు బైకుకూ గోడకూ మధ్య ఇరుక్కున్న పలకకు ఇప్పుడు చుట్టూ ఖాళీ. గాలి, వేగం, గంతులు అన్నీ ఒక్కచోట కలిసే ప్రయాణం ఇదే. కట్టమని అడిగే కస్టమరు లేని ప్రయాణం కూడా ఇదే.

అందుకే ఈ పనిని కస్టమరుకు గానీ, డ్రైవరు మంచితనానికి గానీ వదిలేయకూడదని నా అభిప్రాయం. బైకు ఉన్నా లేకపోయినా పలక కట్టుబడి ఉండాలంటే దానికి బండిలో శాశ్వతమైన చోటు కావాలి. ప్యాకర్స్ సంస్థలు ఐటీ కారిడార్‌లో రోజూ ఇన్ని బైకులు తిప్పుతున్నాయి. తమ కింద తిరిగే బండ్లకు ఆ ఏర్పాటు చేయించడం వాటికి పెద్ద ఖర్చు కాదు. సామాను జాబితాలో బైకు పక్కన 'పలక 1, బెల్టులు 2' అని ఒక వరుస అచ్చు వేయించినా చాలు, ఎక్కించేటప్పుడు ఒక కన్ను దానిమీద పడుతుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో సామాను బయటికి పోయేటప్పుడు సెక్యూరిటీ వాళ్లు గేట్‌పాస్ చూస్తారు, ప్రతి అట్టపెట్టెనూ లెక్కపెడతారు. అదే మనిషి తొట్టి వైపు ఒకసారి చూసి "పలక కట్టినవా అన్నా?" అని అడిగితే, ఆ గేటు దాటే ప్రతి బండికీ ఆ ప్రశ్న అలవాటవుతుంది.

బైకు పంపుకునేవాళ్లు కూడా వీడియో తీసేటప్పుడు చివర్లో ఒక్క ఐదు సెకన్లు ఫోనును పలక వైపు తిప్పండి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మీ బైకును ఎంత జాగ్రత్తగా కట్టారో మెచ్చుకుని, "అన్నా, పలకకు కూడా బెల్టులు వేద్దాం, నేను పట్టుకుంటా" అంటే కాదనే డ్రైవరు ఉండడు.

డ్రైవరన్నలకు ఒక మాట. చెక్క పలకే అయితే రెండు కొసలకూ జానెడు ఇవతల ఒక్కో బెజ్జం వేయించండి, వేలు దూరేంత. అందులోంచి జానెడు తాడు ఉచ్చుగా వేసి వదిలేయండి. అది ఎప్పటికీ పలకతోనే ఉంటుంది. ఇనుప ర్యాంపైతే ఆ చోటే రెండు రింగులు వెల్డింగ్ చేయించండి. తొట్టి గోడకు సరిగ్గా వాటి ఎదురుగా రెండు కొక్కేలు. బెల్టులు రెండూ సీటు కింద కాక ఆ కొక్కేలకే తగిలించి ఉంచండి. బైకు దించాక పలక తొట్టిలో పడ్డ మరుక్షణం బెల్టు చేతికి అందేంత దూరంలో ఉండాలి.